ప్రోనోటు మీదున్న శ్రద్ధ వీలునామా మీద ఏదీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

అప్పిచ్చినవాడు ప్రోనోటుకు మూడేళ్లు నిండే తారీఖు మరచిపోడు. గడువు దాటకముందే వెళ్లి ఎంతో కొంత చెల్లు వేయించుకుంటాడు, కాదంటే తిరగరాయించుకుంటాడు. బడి మొహం చూడనివాళ్లకు కూడా తెలిసిన సంగతే ఇది. అదే మనుషులు వీలునామా, ఇంటి దస్తావేజు, బ్యాంకు కాగితాలు ఒకసారి బీరువాలో పెట్టాక మళ్లీ తీసి చూడరు. మేమూ చూడలేదు.

మా అన్నయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో బ్యాంకులో అమ్మను నామినీగా రాశాడు. తర్వాత పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, అమ్మ పోయింది. ఎఫ్‌డీలు రెన్యూవల్ అవుతూనే ఉన్నాయి గానీ నామినీ పేరు ఎవరూ మార్చలేదు. అన్నయ్య హఠాత్తుగా పోయాక వదిన ఆ బాండ్లు పట్టుకెళ్తే, కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్, అంటే వారసులెవరో చెప్పే కాగితం, తెమ్మన్నారు. వదిన ఆధార్‌లో మా ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు. రెండూ ఒకరివేనని అఫిడవిట్. పేపర్లో ప్రకటన, కోర్టు ఫీజు, వాయిదాలు. పదకొండు నెలలు తిరిగాం. ఈలోగా పాప కాలేజీ ఫీజు గడువొచ్చింది. తాకట్టు కోసం వదిన గాజులు తీయబోతే రాలేదు. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని సబ్బు రాసుకుని లాగింది. ఆ చేతులు నాకింకా కళ్లముందే ఉన్నాయి.

ఆ కేసు చూసిన ప్లీడరు గారే మిగతా కాగితాలు కూడా తెమ్మన్నారు. నాన్నగారి వీలునామా రిజిస్టరైంది కదా, ఇక భయం లేదనుకున్నాం. రిజిస్టరైనా సరే, రేపు తగవొస్తే సాక్షుల్లో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలట. నాన్నగారి సాక్షులిద్దరూ ఆయన ఈడువాళ్లే, ఇద్దరూ లేరు. పైగా చెల్లి పెళ్లికి అమ్మేసిన స్థలం అందులో ఇంకా అలాగే ఉంది!

ఇలాంటివి ఇరుగుపొరుగు చెప్పే మాటల్లో దొరకవు. నామినీ డబ్బు అందుకునేవాడే తప్ప దానంతట హక్కుదారు కాడని సుప్రీంకోర్టు 1983లోనే ఒక బీమా కేసులో చెప్పింది. వీలునామా రాయకుండా పోయిన హిందువు ఆస్తిలో భార్యాబిడ్డలతో పాటు కన్నతల్లికీ సమాన వాటా ఉంటుంది. పెళ్లికి ముందు క్రైస్తవులు రాసిన వీలునామా పెళ్లితో రద్దయిపోతుంది. వీలునామానైతే బతికున్నన్నాళ్లూ మార్చుకోవచ్చు, తెల్లకాగితం చాలు. బతికుండగానే ఆస్తి పిల్లల పేర సెటిల్‌మెంట్ దస్తావేజుగా రాసిచ్చాక వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు. తమను చూసుకోవాలన్న షరతు దస్తావేజులో ఉంటే 2007 నాటి వయోవృద్ధుల చట్టం అండగా నిలుస్తుంది. ఆ ఒక్క వాక్యం రాయించుకోక ఎందరు తల్లిదండ్రులు బాధపడుతున్నారో! చట్టాలూ మారుతుంటాయి. బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలు 2025 నవంబరు 1 నుంచి వచ్చింది.

రెండు మూడేళ్లకోసారి, ఇంట్లో పెళ్లో పుట్టుకో చావో జరిగినప్పుడు తప్పకుండా, కాగితాలన్నీ ప్లీడరుకు చూపించాలి. ఫీజుకు జంకేవాళ్లు చాలామంది. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవల సంస్థలు ఉచిత సాయం చేస్తాయి. 15100కు ఫోన్ చేయవచ్చు. అయితే తగవు ముదిరి కోర్టు గుమ్మం ఎక్కేదాకా ఆ సంస్థల గడప తొక్కేవాళ్లు అరుదు. సలహా ఇవ్వడం కూడా చట్టప్రకారం వాళ్ల సేవే. కనుక మండల న్యాయ సేవల కమిటీలు ఏడాదికోసారి ఊళ్లోకే వచ్చి, సచివాలయంలో ఒక పూట కూర్చుని జనం కాగితాలు చూసి పెట్టాలని మనవి. సంక్రాంతికి దూరాన ఉన్న పిల్లలంతా ఇళ్లకొస్తారు. ఆ పండగ రోజులకు అటూ ఇటూ పెడితే కుటుంబమంతా కలిసి వెళ్లగలుగుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి