మాల వేసుకునే ముందు పది రోజులు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపరు జిల్లా పేజీలో ఒక వార్త చదివాను. ఒక ఊళ్లో నలుగురు కుర్రాళ్లు అయ్యప్ప మాల వేసుకుని తాగుడు మానేశారని, ఊరంతా మెచ్చుకుంటోందని రాశారు. చదివి సంతోషించాను. వెంటనే భయం కూడా వేసింది. కార్తీకం వస్తోంది. ఆ వార్త చూసి రోజూ తాగే భర్తల మెడలో, కొడుకుల మెడలో మాల వేయించాలని ఎందరో ఆడవాళ్లు అనుకుని ఉంటారు. మా ఆవిడా ఒకప్పుడు అలాగే అనుకుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తాపీ మేస్త్రిని. పదకొండేళ్లు తాగాను. మొదట్లో శ్లాబు వేసిన రోజు ఇంటి ఓనరు ఇచ్చే మందు డబ్బులతో మొదలైంది. తర్వాత రోజూ సాయంత్రం ఒక క్వార్టరు, ఆ తర్వాత రెండు. చివరి రెండేళ్లు పొద్దున్నే సగం క్వార్టరు పడితేనే చేయి నిలబడేది. గోడ లేపేటప్పుడు తూకం గుండు వేలాడదీస్తాం. దారం పట్టుకున్న చేయి వణికితే గుండు ఊగుతూనే ఉంటుంది, గోడ నిలువుగా ఉందో లేదో చెప్పలేం. బెల్టు షాపువాడు తలుపు తీసేదాకా ఆ పని నా దగ్గర పనిచేసే కుర్రాడికి అప్పజెప్పి, నేను ఇటుకలు తడుపుతూ కూర్చునేవాణ్ణి. వాడికి అంతా తెలుసు. ఏనాడూ ఒక్క మాట అనలేదు.

2021 కార్తీకంలో మాల వేసుకున్నాను. ముందురోజు ఆదివారం రాత్రి ఇదే ఆఖరనుకుని పది గంటల దాకా తాగాను. సోమవారం తెల్లవారుజామున గుళ్లో మాల పడింది. మధ్యాహ్నానికి చేతులు వణకడం మొదలైంది. చలికాలమైనా నల్లచొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయింది. గుండె దడదడలాడుతోంది. ఆ పూట తిన్న నాలుగు మెతుకులు కక్కేశాను. తోటి స్వాములు నా వీపు నిమిరి, "లోపలున్న విషం దిగుతోంది స్వామీ, ఓర్చుకోండి" అన్నారు. నేనూ అదే నమ్మాను. ఎంత వణికితే అంత పాపం పోతోందనుకున్నాను.

దీక్షలో ఉన్నవాళ్లు విడిగా, కింద చాప మీద పడుకుంటారు. ఒంటిపూట భిక్ష. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. మంచి ఆరోగ్యంతో ఉన్న మనిషికి అది నియమం. తిండి లేక, నిద్ర లేక, మందు ఆపి ముప్పై గంటలైన మనిషికి ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకి బోరింగు దగ్గర రెండో చెంబు పోసుకోవడం వరకే నాకు గుర్తుంది. బకెట్టు దొర్లిన చప్పుడు విని మా ఆవిడ లేచిందట. ఆమె వచ్చేసరికి నేను నీళ్లలో పడి కొట్టుకుంటున్నాను. నాలుక కొరుక్కున్నాను, నోటినిండా రక్తం. చుట్టుపక్కలవాళ్లు పరుగున వచ్చి ఇంటి తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు. ఫిట్స్ వస్తే మా వైపు ముందు అదే చేస్తారు.

ఆర్‌ఎంపీ వచ్చి నీరసం అన్నాడు. గ్లూకోజు బాటిలు ఎక్కించి వెళ్లిపోయాడు. అతన్ని తప్పుపట్టను, అర్ధరాత్రి పిలిచినా వచ్చే మనిషి అతనొక్కడే. కానీ ఏళ్లతరబడి తాగినవాడికి ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుందని, ముందు ఆ ఇంజెక్షన్ చేయకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందని తర్వాత ఆసుపత్రిలో తెలిసింది.

మంగళవారం రాత్రి నుంచి నేను నేను కాదు. ఇది మా ఆవిడ చెప్పగా విన్నది. చాప మీద కూర్చుని, లేని తాపీ చేత్తో పట్టుకుని, లేని ఇటుక మీద లేని సిమెంటు పరిచానట. ఇటుక పెట్టి, తాపీ పిడితో రెండు తట్టి, కన్ను మూసి వరస చూసుకుని, మళ్లీ ఇంకోటి పెట్టానట. తెల్లారేదాకా అదే పని. మధ్యమధ్యలో "మాలు తే, మాలు తే" అని అరిచానట. సిమెంటు, ఇసుక కలిపినదాన్ని మేం మాలు అంటాం. ఆమెకు అది మాల అని వినిపించింది. దేవుడి మాల కోసం ఏడుస్తున్నానేమోనని నా మెడలో వేలాడుతున్న తులసి పూసలే నా చేతికి అందించి, అవి నా గుప్పిట్లో పెట్టి మూసిందట. ఈ మాట చెప్పినప్పుడల్లా ఆమె గొంతు పూడుకుపోతుంది.

దీక్షలో అపచారం జరిగిందని కొందరన్నారు, గాలి సోకిందని కొందరన్నారు. ఊళ్లో వైద్యం తెలిసినవాళ్లు లేక కాదు, ఇది తాగుడు ఆపడం వల్ల వచ్చిన జబ్బని ఎవరికీ తట్టక ఒక రోజంతా పోయింది. మా బావగారు బుధవారం ఉదయం 108కి ఫోన్ చేశారు. అంబులెన్సులో కూడా మా ఆవిడ నన్ను "స్వామీ, స్వామీ" అనే పిలిచిందట. ఆసుపత్రిలో చేతులు కట్టేయాల్సి వచ్చింది. సాయంత్రం గురుస్వామి స్వయంగా వచ్చి, నా మంచం పక్కన నిలబడి శరణుఘోష చెప్పి మాల తీశారు. "ప్రాణం ఉంటే మళ్లీ వేసుకోవచ్చమ్మా" అని మా ఆవిడకి ధైర్యం చెప్పారు. ఆయనకి ఈ జన్మంతా రుణపడి ఉంటాను.

నాకు తెలివి వచ్చాక డాక్టరుగారు చెప్పింది ఇది. మందు రోజూ మెదడును మత్తులో తొక్కిపెడుతుంటే, మెదడు తట్టుకోవడానికి తన వేగం పెంచుకుంటూ పోతుంది. మందు ఒక్కసారిగా ఆపేస్తే ఆ వేగం మాత్రం అలాగే ఉంటుంది. ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమట, దడ, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా నాకొచ్చినట్టు మతి తప్పే ప్రమాదం ఉంటుంది, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. తాగే అందరికీ ఇలా అవ్వదు. కానీ ఏళ్లతరబడి రోజూ తాగేవాళ్లలో, పొద్దున లేవగానే మందు పడితేగాని చేయి నిలవనివాళ్లలో కొందరికి అవుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆయన చెబుతుంటే నాకు శ్లాబే గుర్తొచ్చింది. కింద సెంట్రింగు కర్రలు రెండో రోజే లాగేస్తే శ్లాబు ఏమవుతుందో కూలివాళ్ల దగ్గర్నుంచి అందరికీ తెలుసు.

అప్పుడే లాక్‌డౌన్ రోజులూ గుర్తొచ్చాయి. 2020 మార్చి చివర్లో వైన్ షాపులు ఉన్నట్టుండి మూసేస్తే, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి రోగులు వరస కట్టారు. ఆ జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. "ఛీ, శానిటైజరు తాగడం ఏంటి" అని టీ కొట్టు దగ్గర అంతా అన్నారు, నేనూ అన్నాను. మందు లేని రెండో రోజు ఎలా ఉంటుందో చూశాక మాత్రం ఆ మాట మళ్లీ అనలేకపోయాను.

మీకు నిజం చెప్పాలి. ఆ తర్వాత ఆరు నెలలు బాగానే ఉన్నాను. ఒక శ్లాబు రోజున మళ్లీ పట్టాను, నెల తిరక్కుండా మళ్లీ రెండు క్వార్టర్లకు వెళ్లాను. మా ఆవిడ ఏడవడం కూడా మానేసింది. అప్పుడే పేపర్లో ప్రకటన చూసి, తెలియకుండా అన్నంలో కలిపితే తాగుడు మాన్పించే పొడి పోస్టులో తెప్పించింది. అందులో ఏముందో డబ్బా మీద రాయలేదు. బావగారు చూసి పారేయించారు.

2023 జనవరిలో బావగారే నన్ను ఓపీకి తీసుకెళ్లారు. అప్పటికీ తాగుతూనే ఉన్నాను. ఎంత తాగుతున్నావు, పొద్దున తాగుతావా, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా అని డాక్టరుగారు అడిగారు. అబద్ధం చెప్పకుండా చెప్పాను. కొందరిని రోజూ రప్పించి చూస్తూ ఇంట్లోనే మాన్పించొచ్చట, నాకు ముందే ఫిట్స్ వచ్చాయి కాబట్టి వార్డులో ఉండాలన్నారు. అడ్మిట్ అయ్యేదాకా సొంతంగా ఆపేయవద్దని కూడా చెప్పారు. మానడానికి ఒక రోజు పెట్టుకుని, మంచం చూసుకుని, మనిషిని తోడు పెట్టుకుని మానొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

అదే ఒళ్లు, అదే మందు, ఈసారి రోజులు వేరుగా గడిచాయి. వెళ్లగానే బి1 ఇంజెక్షన్ చేశారు. క్లోర్‌డయాజెపాక్సైడ్ అనే బిళ్లలు మొదటి రోజు ఎక్కువ, తర్వాత రోజురోజుకీ తగ్గిస్తూ ఇచ్చారు. ఆ బిళ్లలు షాపులో కొనుక్కుని సొంతంగా వేసుకోకూడదు, వాటికీ అలవాటు పడతారు, మందుతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. లివరు పాడైనవాళ్లకి వేరే బిళ్ల ఇస్తారట. కొన్ని గంటలకోసారి నర్సమ్మ వచ్చి "చేతులు చాపండి బాబాయ్" అనేది. వేళ్లు విడదీసి చాపేవాణ్ణి. వాటిని చూసి, నుదుటి మీద చెమట చూసి, నాడి చూసి కాగితం మీద రాసుకునేది. రెండో రోజు స్టీలు గ్లాసుతో నీళ్లు తాగుతుంటే సగం చొక్కా మీద పడ్డాయి. ఫిట్స్ రాలేదు. మతి తప్పలేదు.

కష్టమంతా సాయంత్రం ఆరు గంటలకే. కూలి చేతిలో పడే వేళ అది. ఒళ్లు తనంతట తానే లేచి తలుపు వైపు చూసేది. నోరు ఎండిపోయేది. ఎందుకో తెలియని కోపం, కనిపించిన ప్రతివాడి మీదా. టెన్షన్ అనే మాట చాలదు దానికి. అది కెరటంలా వస్తుంది, ఇరవై నిమిషాలో అరగంటో ఉండి దిగిపోతుంది, ఆ కాసేపు ఒంటరిగా ఉండకు అని చెప్పారు. ఆ వేళకి బావగారు వచ్చి నన్ను వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించేవారు. మాటలేమీ ఉండేవి కావు. ఆయన జేబులో బెల్లం ముక్కలు ఉండేవి, ఒకటి నా నోట్లో పెట్టి ఒకటి తను పెట్టుకునేవారు. ఆయన షుగరు మనిషి. నాలుగో రోజు పొద్దున పక్క మంచం దగ్గర ఎవరో సాంబారు మూత తీస్తే ఆ వాసనకి ఆకలి వేసింది. ఆకలి అనేది ఎలా ఉంటుందో మర్చిపోయాను. ఆరు ఇడ్లీలు తిని, ఆ రాత్రి నాలుగు గంటలు నిద్రపోయాను.

ఆ సంవత్సరం నవంబరులో అదే గురుస్వామి చేతి మీదుగా మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు పూర్తి చేసి, ఇరుముడితో కొండ ఎక్కాను. మాల వేసుకోవద్దని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? వేసుకోవాల్సిందే. రోజూ తాగేవాళ్లు మాత్రం మాలకు పది రోజులు ముందే డాక్టరుకి చూపించుకుని, వైద్యంతో మందు ఆపి, ఒళ్లు నిలదొక్కుకున్నాక వేసుకోవాలి. గురుస్వాములకు చేతులు జోడించి అడుగుతున్నాను. మాల వేసేముందు "స్వామీ, పొద్దున్నే తాగే అలవాటు ఉందా? మానితే ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?" అని ఒక్క మాట అడగండి. ఉందంటే ముందు ఆసుపత్రికి పంపించండి. మొదటి నాలుగు రాత్రులు వాళ్లను ఒంటరిగా పడుకోనివ్వకండి.

మీ పేపరుకి రెండు విన్నపాలు. తాగుడు మానిన వార్త వేసిన ప్రతిసారీ దాని కింద ఒక పెట్టె కట్టి, రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదమని, ఫిట్స్ వచ్చినా మతి తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయాలని వేయండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ ఉచిత నంబరు టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఈ రెండూ నాకు 2023లో వార్డు గోడ మీద కనిపించేదాకా తెలియవు.

రెండోది, తెలియకుండా తాగుడు మాన్పించే మందుల ప్రకటనలు వేయకండి. డైసల్ఫిరామ్ అనే బిళ్ల ఒకటుంది. డాక్టర్లు దాన్ని రోగికి చెప్పి, ఒప్పుకున్నాకే ఇస్తారు. అది ఒంట్లో ఉండగా మందు తాగితే ముఖం కందిపోయి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. ఊరూపేరూ లేని పొడిలో అలాంటిది ఉందో, ఇంకేముందో ఏ ఇల్లాలికి తెలుస్తుంది? ఆ ప్రకటన మొన్నటి ఆదివారం కూడా, ఆ నలుగురు కుర్రాళ్ల వార్త వెనక పేజీలోనే ఉంది.

మా చుట్టుపక్కల ఎవరైనా ఓపీకి వెళ్లడానికి మొహమాటపడుతుంటే నేను తోడు వెళ్తున్నాను. ఇప్పటిదాకా ఏడుగురితో వెళ్లాను. ఆధార్ కార్డు, రెండు లుంగీలు, సాయంత్రం ఆరుకి పక్కన ఉండే మనిషి ఒకరు ఉంటే చాలు.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రి,
పశ్చిమ గోదావరి జిల్లా.