డ్రైవింగ్ టెస్టు స్లాట్ల గురించి రవాణా శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) వచ్చిన 30 రోజులకు గానీ టెస్టుకు వెళ్లలేం, దాని గడువేమో 6 నెలలే. ఆలోపు స్లాట్ దొరుకుతుందో లేదోనని పిల్లలకు ఒకటే టెన్షన్. ఇంగ్లిష్ హెచ్ అక్షరం ఆకారంలో ఉండే టెస్టు ట్రాక్‌లో రివర్స్ తీస్తుంటే కారు కడ్డీకి తగిలిందా, ఫెయిల్. 7 రోజులు ఆగి మళ్లీ స్లాట్ వెతుక్కోవాలి. క్యాబ్ నడిపి ఇల్లు గడుపుకుందామనుకునే కుర్రాడికి అన్నాళ్లూ సంపాదన లేనట్టే.

టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టరే లారీల ఫిట్‌నెస్ చూడాలి, రోడ్డు మీద తనిఖీలూ చేయాలి. ఆయన్ని తప్పుపట్టను, ఒక్క మనిషి ఎన్నని చేస్తాడు? టెస్టులకు విడిగా ఇన్‌స్పెక్టర్లను వేయండి. రద్దయిన స్లాట్లను అదే రోజు మిగతావారికి తెరవండి. ఫెయిలైనవారికి తర్వాతి తేదీ అక్కడికక్కడే ఇప్పించండి.