ఆ ‘అట’ ఎక్కడ పోయింది?

సంపాదకుల వారికి,

నమస్కారం. మొన్న ఆదివారం అనుబంధంలో ఇంగ్లండులో కెంట్ రాజ్యాన్ని ఏలిన తొలి రాజుల పట్టిక వేశారు. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు దాన్ని కత్తిరించి నోట్సులో అతికించుకుంది. ఇక్కడ చెన్నైలో దానికి బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు మీ పత్రికలోనే కూడబలుక్కుని చదువుతుంది. మీరు వేసిందే దానికి వేదం. అందుకే ఈ ఉత్తరం.

హెంగిస్ట్, 455 నుంచి 488. ఓయిస్క్, 488 నుంచి 512. ఆ కింద ఆక్టా, ఎయోర్మెన్రిక్. బ్యాంకు పాస్‌బుక్కులో పద్దుల్లా ఉన్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు తెలుగు ప్రూఫులు దిద్దినవాణ్ణి, కళ్లు ఊరుకోవు. ఆ పట్టికలో ఒక మాట ఎగిరిపోయింది: ‘అట’.

మూర్ మార్కెట్ కాలిపోకముందు అక్కడ బీడ్ రాసిన ఇంగ్లండు చరిత్ర, ఇంగ్లీషు అనువాదం, అట్ట ఊడినది ఒకటి కొన్నాను. బీడ్ అక్కడి క్రైస్తవ సన్యాసి. ఆ చరిత్ర ముగించింది 731లో. హెంగిస్ట్, హోర్సా అన్నదమ్ములు ఇంగ్లండు తీరంలో పడవ దిగారనే కాలానికి అప్పటికే దాదాపు మూడు వందల ఏళ్లు. అంతటి ఆయన కూడా తొలి నాయకులు వీళ్లేనని తేల్చలేదు, ‘అని చెబుతారు’ అని ఊరుకున్నాడు. మన భాషలో దానికి రెండక్షరాలు చాలు. పైగా హెంగిస్ట్ అంటే మగగుర్రం, హోర్సా అన్నా గుర్రమే. నాలుగు తరాలు వెనక్కి పోతే వాళ్ల మూలపురుషుడు వోడెన్ అనే దేవుడు.

ఇందులో నవ్వడానికేం లేదు. మన రాజరాజ నరేంద్రుడు చంద్రుడి దగ్గర నుంచి పాండవుల దాకా అంతా తన పూర్వులేనని చెప్పుకుంటూ, నన్నయ గారి చేత భారతం మొదలుపెట్టించాడు. అయినా తూర్పు చాళుక్యుల పట్టిక వేసేటప్పుడు కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలుపెడతాం గానీ చంద్రుడికి పాలనాకాలం వేయం కదా! మరి కెంట్ వాళ్లకెందుకు వేశారు?

వరస కూడా కుదరదు. బీడ్ లెక్కలో హెంగిస్ట్ కొడుకు ఓయిస్క్, అతని కొడుకు ఆక్టా. తొమ్మిదో శతాబ్దంలో వేల్స్ వైపు రాసిన బ్రిటన్ల చరిత్రలో హెంగిస్ట్ కొడుకే ఆక్టా, ఆ తర్వాతివాడు ఓస్సా, అంటే ఓయిస్కే కాబోలు. తండ్రీకొడుకులు చోట్లు మార్చుకున్నారు. ఇక మీరు వేసిన 488, ఆంగ్లో శాక్సన్ క్రానికల్ అనే పాత ఇంగ్లీషు వృత్తాంతంలోది. దాన్ని కూర్చింది తొమ్మిదో శతాబ్దం చివర్లో. కెంట్ రాజులను ఓయిస్కింగులు అంటారని బీడే చెప్పాడు. అంటే వంశానికి పేరిచ్చింది కూడా హెంగిస్ట్ కాదు.

నాకు నమ్మకం కుదిరే మొదటి మనిషి ఎథెల్‌బెర్ట్. 597లో రోము నుంచి క్రైస్తవం బోధించడానికి అగస్టీన్ వచ్చింది ఆయన దగ్గరికే. కానీ మీరు వేసిన 560–616లోనూ మెలిక ఉంది. 56 ఏళ్లు ఏలాడన్నది బీడ్ మాటే. ఇప్పటి ఫ్రాన్సులోని తూర్ నగరపు బిషప్ గ్రెగరీ ఆ రోజుల్లో బతికి ఉన్నవాడు. ఇంగోబెర్గా అనే ఫ్రాంకుల రాణి 589లో చనిపోయిన సంగతి రాస్తూ, ఆమె కూతుర్ని కెంట్‌లో ఒక రాజు గారి కొడుకు పెళ్లాడాడన్నాడు. ఆ అల్లుడే ఈ ఎథెల్‌బెర్ట్. కొడుకు అన్నాడు, రాజు అనలేదు. 560లోనే గద్దెనెక్కినవాణ్ణి అప్పుడు అలా ఎవరంటారు? 56 పాలించిన ఏళ్లు కావు, వయసై ఉంటుందని పండితుల్లో కొందరి అనుమానం. పట్టికల్లో ఒక గడి అంకె పక్క గడిలోకి జారడం నేనెన్ని చూశానో.

ఆ ఎథెల్‌బెర్ట్ చట్టాలు లాటిన్‌లో కాకుండా జనం మాట్లాడే భాషలోనే రాశారు. బొటనవేలు తెగ్గొడితే పరిహారం 20 షిల్లింగులు, బొటనవేలి గోరు పోతే 3, ఉంగరం వేలికి 6, చిటికెన వేలికి 11. ఇది చదివి వినిపిస్తే మనవరాలు తన చిటికెన వేలు రెండుసార్లు చూసుకుంది. ఆ ఏళ్ల పట్టిక బదులు ఈ వేళ్ల పట్టిక వేసి ఉంటే పిల్లలు ఎగబడి చదివేవాళ్లు.

మిమ్మల్ని తప్పు పట్టే అర్హత నాకు లేదనుకోండి. 1978లో రాయపేటలో ఒక ప్రెస్సులో ఉండేవాణ్ణి. చేతి కంపోజింగ్ రోజులు. ఒక చరిత్ర గైడులో పేరా చివర ఒక్క అక్షరం కొత్త లైనులోకి జారింది, పేజీలో చోటు లేదు. “సార్, ఎక్కడైనా ఒక అక్షరం తగ్గించండి” అన్నాడు కంపోజిటర్. ‘దిగారట’ని ‘దిగారు’ చేశాను. లైను సరిపోయింది. పుస్తకం బైండయ్యాక దాన్ని రాసిన ముసలి లెక్చరర్ గారొచ్చి ఆ లైను మీద వేలు పెట్టి, “జరిగిందో లేదో తెలియనిదాన్ని నువ్వు జరిపించేశావు కదయ్యా!” అన్నారు. మీ దగ్గర కూడా చోటు చాలకే పోయి ఉంటుంది.

వచ్చే ఆదివారం ఒక మూల చిన్న సవరణ వేయండి. తొలి నలుగురి పక్కన ఏళ్లు తీసేసి ఆ రెండక్షరాలు చేర్చితే చాలు. ఈలోగా మనవరాలిని పెన్సిల్‌తో రాసుకోమన్నాను. నలుగురికీ రాసింది. ఎథెల్‌బెర్ట్ పక్కన కూడా రాయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రూఫ్‌రీడర్
వెస్ట్ మాంబలం, చెన్నై