మండలికి మాస్టార్లు కావాలి

సంపాదకులకు,

శాసనమండలికి ఉపాధ్యాయులే ఓటేసి సభ్యులను పంపే ఉపాధ్యాయ నియోజకవర్గాల ఎన్నికలు వచ్చినప్పుడల్లా పీఆర్సీ (వేతన సవరణ), బదిలీల ప్రస్తావన తప్ప పిల్లల చదువు ఊసే వినిపించడం లేదు. అవీ అవసరమే, కాదనను. కానీ 2007లో శాసనమండలిని పునరుద్ధరించినప్పుడు ఉపాధ్యాయులు గెలిపించి పంపింది చుక్కా రామయ్య గారిని. జనగామ ప్రాంతంలోని గూడూరులో పుట్టి, నిజాం వ్యతిరేక పోరాటంలో పాల్గొన్న లెక్కల మాస్టారు ఆయన. ఉద్యోగ విరమణ తర్వాత హైదరాబాద్ నల్లకుంటలో ఐఐటీ శిక్షణ ప్రారంభించి ‘ఐఐటీ రామయ్య’ అయ్యారు. అంత పేరొచ్చినా సర్కారు బడిని మరువలేదు. దాని బాగు కోసం పత్రికల్లో ఎన్నో వ్యాసాలు రాశారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే. ఈసారి ఓటడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థీ ప్రభుత్వ పాఠశాలల్లో గణిత బోధనకు ఏం చేస్తారో రాతపూర్వకంగా చెప్పాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్