మామ్మ కాలికి మందు గురించి

అమ్మలూ,

రాత్రి నువ్వు పెట్టిన వాట్సాప్ మెసేజ్ పొద్దున్నే చూశాను. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఆరు వారాలు వాడితే బోదకాలు తగ్గుతుందట, మామ్మకి ఎందుకు వాడటం లేదు, నేను కొరియర్ చేస్తానన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా కూర్చుని రాస్తున్నాను. మందులు మాత్రం పంపకు.

నువ్వు చదివింది అబద్ధం కాదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బాక్టీరియా కాపురం ఉంటుంది. అది లేకపోతే పురుగు పిల్లల్ని పెట్టలేదు, కొన్నాళ్ళకి తనూ చస్తుంది. డాక్సీసైక్లిన్ చంపేది ఆ బాక్టీరియానే. ఘనా దేశంలో ఈ మందుని వాచిన కాళ్ళ మీద కూడా పరీక్షించి చూశారు. 2012లో ఆ ఫలితం వచ్చింది. మొత్తం 162 మంది. డాక్సీసైక్లిన్ వాడినవాళ్ళలో నూటికి 44 మందికి ఏడాదిలో కాలు మెరుగైంది. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి ఆరుగురికి కూడా కాలేదు. అది తెలిసినప్పుడు నాకూ ప్రాణం లేచొచ్చింది.

కానీ ఒక్కచోట బాగుందని తేలితే చాలదు, ఇంకొన్ని చోట్ల కూడా నిలబడాలి. మన దేశంలోనూ, శ్రీలంకలోనూ, ఆఫ్రికాలో మాలి దేశంలోనూ అదే మందుని మళ్ళీ పరీక్షించారు. కొందరికి డాక్సీసైక్లిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, కాలు కొలిచే డాక్టరుకీ తెలియదు. అందరికీ సమానంగా నేర్పింది ఒక్కటే, కాలు శుభ్రంగా ఎలా కడుక్కోవాలో. రెండేళ్ళు వెంటపడి చూశారు. 2024లో ఫలితాలు అచ్చయ్యాయి. మందు వేసుకున్నవాళ్ళకీ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ తేడా కనపడలేదు. అన్ని గుంపుల్లోనూ మాత్రం చాలామందికి కాలు ముదరకుండా ఆగింది, కొందరికి మెరుగైంది, ఈ జబ్బుతో వచ్చే చలిజ్వరాలు తగ్గాయి.

ఇది చదివి కొంతమంది మందు ఓడిపోయిందని నీరుగారిపోయారు. నాకైతే ఎంతో ధైర్యం వచ్చింది. పనిచేసేది ఏదో అది మన ఇంట్లోనే, నూతిగట్టు మీదే ఉందని మూడు దేశాల పరీక్షలూ చూశాక నాకు అనిపించింది. ఆ పరీక్షలు పెట్టింది ఒకటి నుంచి మూడో దశ వరకూ ఉన్న కాళ్ళకి. మామ్మది కూడా మూడో దశే, చీలమండ దగ్గర మడత పడింది కదా.

సబ్బుకి అంత బలం ఎక్కడిదని నువ్వు అడుగుతావు. పురుగు చేసే చెరుపు శోషరస నాళాల్లో. మురుగుకాలవకి గుర్రపుడెక్క అడ్డం పడితే నీరు చేలోకి ఎగదన్నినట్టు, కాల్లోంచి పైకి పోవాల్సిన రసం అక్కడే నిలిచిపోతుంది. పురుగు ఎప్పుడో చచ్చిపోయినా ఆ నాళాలు మళ్ళీ మామూలు కావు. అలా నీరు నిలిచిన కాల్లో మామూలు బాక్టీరియా దూరినా ఒళ్ళు దాన్ని తరిమికొట్టలేదు. వేళ్ళ సందులు పాసిపోయిన చోటు నుంచే అది లోపలికి పోతుంది. గజ్జల్లో బిళ్ళ కడుతుంది, వణుకుతూ జ్వరం వస్తుంది, కాలు ఎర్రగా కాగిపోతుంది. జ్వరం వచ్చి పోయిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది. మన ఊళ్ళో చాలామంది అమావాస్యకీ పున్నానికీ వచ్చే జ్వరం అనుకునేది దీన్నే. జ్వరం రాకుండా ఆపగలిగితే కాలు పెరగటమూ ఆగుతుంది.

అందుకే సాయంత్రం పూట మామ్మని అరుగు మీద కూర్చోబెట్టి కాలు నేనే కడుగుతున్నాను. మామూలు చల్లనీళ్ళు. వేణ్ణీళ్ళు వద్దు, పీచు పెట్టి తోమడం అసలే వద్దు. ఒంటి సబ్బు చేత్తో నురగ చేసి మోకాలి నుంచి కిందికి, మడత విప్పి లోపల, తర్వాత ఒక్కొక్క వేలి సందులో. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా పొయ్యాలి. అసలు పని తుడవటంలో ఉంది. పాత నూలు చీర ముక్కతో రుద్దకుండా అద్దుతాను. చిటికెనవేలి పక్కన సందు మరీ ఇరుకు, గుడ్డ దూరదు, అక్కడే తడి మిగిలిపోతుంది. దానికోసం గుడ్డ కొస సన్నగా మెలిపెట్టి ఇటు నుంచి అటు లాగుతాను. తెల్లగా నాని కనపడితే డాక్టరుగారు రాసిన ఫంగస్ క్రీము. తర్వాత కాలు దిండు మీద ఎత్తుగా పెట్టించి, పాదం పైకీ కిందికీ ఆడించమంటాను. మామ్మకి మొదట్లో కొడుకు చేత కాలు కడిగించుకోవడం సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఆలస్యమైతే తనే కేకేస్తుంది.

జ్వరం వచ్చినప్పుడు డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే అది వేరే సంగతి, తప్పకుండా వాడతాం. ఊరికే ఆరు వారాలు మింగించడం వద్దంటున్నాను. ఆ వయసులో కడుపు పాడు చేసుకుని మామ్మకి కలిసొచ్చేదేమీ లేదు.

ఇంకో సంగతి, నాకు ఇది ఎక్కువ టెన్షన్. పోయినసారి ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఇచ్చిన ఫైలేరియా మాత్రలు తమ్ముడు మింగలేదు. నాకేం రోగం లేదుగా అంటాడు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చూసింది దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. రాజమండ్రి ఫైలేరియా కేంద్రంలో ట్రైనింగయ్యాక రాత్రి పది దాటినప్పటి నుంచి ఇల్లిల్లూ తిరిగి వేలికొస నెత్తురు తీసేవాళ్ళం. పురుగు పిల్లలు నెత్తుట్లో తిరిగేది ఆ వేళకే, క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళకే. తెల్లారి స్లైడుకి రంగేసి మైక్రోస్కోపు కింద పెడితే మెలికలు తిరిగిన పురుగు పిల్లలు కనపడేవి. అవి ఎవరి నెత్తుట్లో అనుకున్నావు? నిక్షేపంగా చేలో పని చేసుకునే కుర్రాళ్ళ నెత్తుట్లో. కాలు వాచినవాళ్ళ స్లైడు చాలాసార్లు ఖాళీగా ఉండేది. కాలు వాచే వేళకి చాలామంది నెత్తుట్లో పురుగు పిల్లలు దొరకవు. మాత్రలు ఎక్కువ పనికొచ్చేది కాళ్ళు బాగున్నవాళ్ళకి.

ఆ మాత్రలు కూడా ఇప్పుడు బాగా మెరుగయ్యాయి. మా రోజుల్లో డీఈసీ అనే మందు ఒక్కటే, తర్వాత ఆల్బెండజోల్ కలిపారు. ఇప్పుడు చాలా జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చి మూడు కలిపి ఇస్తున్నారు. పాపువా న్యూగినీలో పరీక్షించిన ఫలితం 2018లో వచ్చింది. మూడూ కలిపి ఒక్కసారి మింగినవాళ్ళలో నూటికి 96 మంది నెత్తుట్లో ఏడాది తర్వాతా పురుగు పిల్లలు లేవు, మూడేళ్ళ తర్వాతా లేవు. పాత రెండు మందులూ ఒక్కసారి వేసుకున్నవాళ్ళలో ఏడాదికి శుభ్రపడింది 32 మందే. ఆ ఐవర్‌మెక్టిన్ కనిపెట్టినవాళ్ళకి 2015లో నోబెల్ కూడా ఇచ్చారు. శ్రీలంకలో ఈ జబ్బు ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2016లోనే తేలింది. మన దేశం 2027 అని గురి పెట్టుకుంది. తమ్ముడిలాంటి వాళ్ళు మాత్రలు జేబులో వేసుకుని కూర్చుంటే ఎలా తీరుతుంది?

మింగాక కాస్త జ్వరం, కళ్ళు తిరగడం వస్తుందని జనం భయపడతారు. లోపలున్న పురుగు పిల్లలు చచ్చేటప్పుడు ఒళ్ళు పడే ఇబ్బంది అది, చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. గర్భిణులకీ, రెండేళ్ళలోపు పిల్లలకీ, బాగా జబ్బుపడ్డవాళ్ళకీ ఎలాగూ ఇవ్వరు. తమ్ముడు ఈ మూడింట్లో దేనిలోనూ లేడు. ఈసారి ఆశా కార్యకర్త వచ్చినప్పుడు ఆవిడ ఎదురుగానే, అన్నం తిన్నాక మింగమని నువ్వు చెప్పు. నా మాట కంటే నీ మాట వింటాడు.

కొరియర్ చెయ్యాలనే ఉంటే మామ్మకి చెప్పులు పంపు. మెత్తటి అడుగు, మునివేళ్ళు నొక్కుకోకుండా వెడల్పుగా, పైన అతికించే పట్టీ ఉండాలి. వేళ్ళ మధ్య ఉంగటం ఉన్నవి వద్దు, అది ఒరిస్తే మళ్ళీ మొదటికొస్తాం. ఇక్కడ షాపుల్లో అంత వెడల్పువి దొరకలేదు. రెండు పాదాలూ కాయితం మీద గీసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను, కుడిది ఎడమదాని కంటే బాగా వెడల్పు. సాయంత్రానికి వాపు పెరుగుతుంది కాబట్టి ఆ వేళకే గీశాను.

నాన్న