పెద్దోడిని జూన్‌లో తీసుకెళ్లు బిడ్డా

బిడ్డా,

నిన్న ఫోన్‌లో మాట సగంలోనే ఆగిపోయింది. దీపావళికి వచ్చి పిల్లలిద్దరినీ హైదరాబాద్ తీసుకెళ్తామన్నావు. పిల్లలు తల్లిదండ్రుల దగ్గర ఉంటామంటే నేను కాదంటానా? చిన్నదాన్ని తప్పకుండా తీసుకెళ్లు. పెద్దోడిని మాత్రం ఏప్రిల్ దాకా ఇక్కడే ఉండనివ్వు, మూడో తరగతి పూర్తి కానివ్వు, జూన్‌లో అక్కడి బడి తెరిచే రోజుకే చేర్పిద్దాం. ఎందుకంటున్నానో ఫోన్‌లో చెబితే ముక్కలుముక్కలుగా పోతుంది, అందుకే రాస్తున్నా.

"వాడికి తెలుగు వచ్చు కదా బాపూ, ఏం ఇబ్బంది" అన్నావు. వాడు మాట్లాడేది తెలుగు, చదివేది మరాఠీ. మహారాష్ట్ర అంచున ఉన్న మన సిరొంచ వైపు ఎంతమంది పిల్లల సంగతి ఇట్లాగే ఉంటుందో నీకు తెలుసు, నువ్వూ ఆ బడిలోనే చదివావు. మొన్న కిరాణా చీటీ రాయమంటే ఉప్పు, పప్పు, చింతపండు అన్నీ చక్కగా రాసిచ్చాడు, మాటలన్నీ తెలుగే, అక్షరాలన్నీ మరాఠీవి. సరే తెలుగులో రాయరా అని పలక ఇస్తే 'అమ్మ' అని రాసి, మరాఠీ అలవాటు కొద్దీ పైన అడ్డగీత గీసేశాడు. మరాఠీ రాతలో ఎ, ఏ అని వేరు వేరుగా లేవు, ఒ, ఓ కూడా అంతే, కాబట్టి మెడ రాయమన్నా మేడ రాయమన్నా వాడి చేతికి ఒక్కటే. ఎక్కాలైతే 'బే ఏకే బే, బే దుణే చార్' అని గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. లెక్కల పుస్తకంలో అంకెలూ మరాఠీవే. ఇదంతా వాడు కష్టపడి సంపాదించుకున్న చదువు బిడ్డా. నవంబర్‌లో తీసుకుపోయి కొత్త బడిలో కూర్చోబెడితే తెల్లారేసరికి ఇందులో ఏదీ ఎవరికీ కనపడదు.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఆ రెండు పేజీల్లో ఏదీ వాడు గడగడా చదవలేడు. వాడేమో గలగలా తెలుగు మాట్లాడతాడు, టీచరు చదవమంటుంది, నోరు విప్పడు. మొద్దు అనుకోవడానికి ఎంతసేపు? ఇటుక బట్టీల దగ్గరికి వచ్చే ఒడిశా పిల్లలకు భాషే రాదని అందరికీ తెలిసిపోతుంది, వాళ్ల కోసం ఒడియా పుస్తకాలు తెప్పించి బట్టీల దగ్గరే బడులు నడిపారు కూడా. మన పిల్లల ఇబ్బంది ఎవరికీ తెలియదు, ఎందుకంటే మాట కలిసిపోతుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేకంగా చెప్పాలి. టీసీ అడిగిన వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని అక్కడివాళ్లు చేర్చుకోకుండా ఉండకూడదు. ఎవరైనా తిప్పి పంపితే ఈ మాట గట్టిగా చెప్పు, భయపడకు. కానీ సంవత్సరం మధ్యలో, సిలబస్ సగం అయిపోయాక, ఒక్క పిల్లాడికి అఆలు నేర్పే తీరిక ఏ టీచరుకు ఉంటుంది? అక్కడ బడులు జూన్ 12కి తెరుస్తారు, మన విదర్భలో ఎండలకు ఇంకా ఆలస్యంగా తెరుస్తారు. ఏప్రిల్‌లో ఇక్కడ పరీక్షలయ్యాక మధ్యలో ఖాళీ దొరుకుతుంది. ఈలోపు రోజూ సాయంత్రం తెలుగు అక్షరాలు నేను దిద్దిస్తా. నాకు మరాఠీ కూడా వచ్చు కాబట్టి ఇక్కడి హోంవర్కూ చూడగలను.

మన వాడలో ఆ ఐదో తరగతి పిల్ల గుర్తుందా, రెండు జడలు వేసుకుని నీ వెనకే తిరిగేది. ఫిబ్రవరి రాగానే తల్లిదండ్రులతో గోదావరి దాటి ములుగు వైపు మిరప ఏరడానికి పోతుంది. చేను గట్టున చెట్టుకు చీర ఉయ్యాల కట్టి తమ్ముడిని ఊపడం దాని పని. మధ్యమధ్యలో తనూ నాలుగు కాయలు ఏరుతుంది, అప్పుడు వేళ్లు మండుతుంటాయి కదా, వాడు ఏడిస్తే అరచేతులు తగలకుండా మణికట్లతో ఎత్తుకుంటుంది, పిల్లాడి కళ్లకు కారం అంటకూడదని. అంత తెలివైన పిల్ల. తిరిగొచ్చేసరికి పరీక్షలైపోతాయి, ఇన్నేళ్లూ పై తరగతిలో పేరు రాసేశారు, పాఠం మాత్రం రెండో తరగతి దగ్గరే ఉండిపోయింది. నా పాత మరాఠీ పుస్తకం చదవమంటే నవ్వి పారిపోయింది. నాకు ఆ నవ్వు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఏటా రెండు మూడు నెలలే కదా అనుకుంటారు, ఆ నెలలే పిల్లల చదువు తినేస్తున్నాయి.

చిన్నదాని సంగతి వేరు. మూడేళ్ల పిల్లకు బడి కంటే అమ్మే ముఖ్యం. మెదడు ఎదుగుదల 85 శాతం పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాశారు, ఆ వయసులో నీ మాటలు, నీ పాట, వేళకు తిండి దానికి కావాలి. కానీ సెంట్రింగ్ పని జరిగే చోటికి తీసుకెళ్లకు. ఇనుప చువ్వలు, సిమెంటు దుమ్ము, మూత లేని నీళ్ల తొట్లు, లిఫ్ట్ గుంటలు, తలుచుకుంటేనే నాకు టెన్షన్. చేతిలో ఫోన్ పెట్టి మూల కూర్చోబెట్టడం కూడా వద్దు. మీ బస్తీలో అంగన్‌వాడీ ఎక్కడుందో ముందే చూసుకో, ఇక్కడి పేరు అక్కడికి మార్చుకోవచ్చు. టీకాల కార్డు మీ అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది, మరిచిపోకు.

పెద్దోడిని ఇక్కడ ఉంచితే అంతా బాగుంటుందని నేను అనట్లేదు. నీ ఫోన్ రాగానే వాడు బయటికి పారిపోతున్నాడు, గమనించావా? కోపం కాదది, మాట్లాడితే ఏడుపొస్తుందని. చెల్లెలు కూడా వెళ్లిపోతే ఇంకా గుబులు పడతాడు. అందుకే జూన్ అంటే జూనే, ఇంకో ఏడాది చూద్దాం అనే మాట వద్దు. తాత దగ్గర ఒక్క ఏడాదే అని మొదలైన పిల్లలు పదో తరగతి దాకా ఉండిపోవడం, మధ్యలో బడి మానేసి ట్రాక్టరు మీద కూలికి పోవడం మన ఊళ్లోనే చూస్తున్నాం. వాడికి తేదీ చెప్పు. నువ్వే చెప్పు, నేను చెబితే నమ్మడు. క్యాలెండర్‌లో వాడి చేతే గీత పెట్టించు.

వచ్చేటప్పుడు ఒకటో తరగతి తెలుగు వాచకం ఒకటి తీసుకురా, పాతదైనా పర్వాలేదు. మీ ఇంటి దగ్గర సర్కారు బడికి ఒకసారి వెళ్లి, మరాఠీ చదివిన పిల్లాడిని జూన్‌లో ఏ తరగతిలో తీసుకుంటారు, ఏ కాగితాలు కావాలి అని అడుగు. ఇక్కడి హెడ్మాస్టరుతో నేను మాట్లాడతా. అల్లుడికి ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు, ఆయన ఏమంటాడో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ బాపు