మూడో రోజు ఇంటికి పంపారు సరే, నాలుగో రోజు సంగతి?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం ఆరోగ్యం పేజీలో ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ మీద వేసిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఓపిక పట్టాను. ఇక నా వల్ల కాలేదు. రోబో ఆపరేషన్, చిన్న గాట్లు, మూడో రోజు డిశ్చార్జి, 'పూర్తిగా నయం'... అన్నీ రాశారు. నాలుగో రోజు నుంచి ఏమిటో ఒక్క ముక్క లేదు.

నాకు ఆ ఆపరేషనై ఆరేళ్లు. రోగం పోయింది, కాదనను. కానీ తుమ్మినా, మనవణ్ణి ఎత్తుకున్నా బట్టలు తడుస్తాయి. తెల్ల పంచె కట్టడం మానేశాను. పెళ్లికి వెళ్తే ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకుని ఆ పక్క కుర్చీలో కూర్చుంటాను. ఆలుమగల సంగతి పేపరుకు రాసేది కాదు, మీరే అర్థం చేసుకోండి. ఇవన్నీ ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, సంతకం పెట్టించుకున్న ఇంగ్లిషు కాగితంలో ఉందట! మూత్రం ఆపుకునే కండరాల వ్యాయామం గురించి డిశ్చార్జి రోజు నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషం చెప్పింది.

లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ణి, అంకెలు చూడకుండా ఉండలేను. బ్రిటన్‌లో 'ప్రొటెక్ట్' పరిశోధనలో, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్, మూడో జట్టుకు వెంటనే ఏదీ చేయకుండా పరీక్షలతో కనిపెట్టి ఉండటం. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ జట్టులో చూసినా ఈ క్యాన్సర్‌తో పోయింది నూటికి ఇంచుమించు ముగ్గురే. కనిపెట్టి ఉన్న జట్టులో రోగం ఒంట్లో పాకడం ఎక్కువే, నూటికి తొమ్మిది మందికి. మిగతా రెంటిలో అయిదుగురికే. పైగా ఆ జట్టులో సగం మందికి పైగా తర్వాత ఆపరేషనో రేడియేషనో చేయించుకున్నారు. అది దాచొద్దు. ఆపరేషన్ జట్టులో ఏళ్లు గడిచాక కూడా నలుగురిలో ఒకరు మూత్రం పీల్చుకునే ప్యాడ్ వాడుతున్నారన్నదీ దాచొద్దు. రెండూ చెప్పాక మనిషే ఎంచుకుంటాడు కదా.

సరే, ప్యాడ్ వాడాం. మార్చాక ఎక్కడ పారేయాలి? మా బస్టాండులో మగవాళ్ల మరుగుదొడ్డికి అయిదు రూపాయలు తీసుకుంటారు. లోపల గొళ్లెం లేదు, నీళ్లు ఉంటే ఉన్నట్టు, చెత్తబుట్ట అసలే లేదు. బయట గోడ మీద గాంధీగారి కళ్లజోడు బొమ్మకు మాత్రం కొత్త రంగు. బుట్ట అడిగితే డబ్బులు తీసుకునే కుర్రాడు 'మగాళ్లకు బుట్టెందుకు పెద్దాయనా?' అని నవ్వాడు. ఆ ప్యాడ్ క్యారీబ్యాగులో చుట్టి, అన్నం క్యారేజీ పక్కనే సంచిలో పెట్టుకుని రెండు గంటలు బస్సులో వచ్చాను. బ్రిటన్‌లో మగవాళ్ల మరుగుదొడ్లలో బుట్టలు పెట్టమని ప్రోస్టేట్ క్యాన్సర్ యూకే సంస్థ ఏకంగా ఉద్యమమే నడిపింది. ఇక్కడ నేను మూడు అర్జీలిచ్చాను. మూడింటికీ ఒకటే జవాబు, 'సంబంధిత విభాగానికి పంపడమైనది'. ఆ విభాగం ఏదో వాళ్లకూ తెలిసినట్టు లేదు.

చివరికి, బుట్ట నేనే కొనిస్తానన్నాను. రెండొందలవుతుంది. అలా కుదరదట, టెండరు పిలవాలట.

- ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, గుంటూరు జిల్లా